మూడో వరుసలో మే నెల

మా ఇంటి కారులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పనక్కరలేదు. ముందు సీటు బావగారిది. మధ్య వరుసలో ఎడమ కిటికీ అత్తమ్మది, కుడి కిటికీ మా తోడికోడలు అక్కది, వాళ్లిద్దరి మధ్య అక్క కూతురు. సీటు మడిచి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, నడుం వంచి మూడో వరుసలోకి దూరాల్సింది చిన్న కోడలు, అంటే నేను. నా పక్కన మా ఆయన, ఒళ్లో మా వాడు, కాళ్ల దగ్గర టిఫిను క్యారియరు, వీపు వెనక పెళ్లివారికి పెట్టాల్సిన బట్టల సంచి. పదకొండేళ్లుగా ఇదే వరస. అందుకే వెనక సీటు ఏసీ గురించి రాసే అర్హత రాజురా మొత్తం మీద నాకే ఎక్కువని నా నమ్మకం.

రాజురా తెలియనివాళ్ల కోసం: మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఉంటుంది. బల్లార్‌పూర్ నుంచి వార్ధా నది దాటితే మా ఊరు. 1956 దాకా మేం హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవాళ్లం. ఊరు ఎక్కడికీ కదల్లేదు, రాష్ట్రం మారింది. నేను బడిలో మరాఠీలో సైన్సు చెబుతాను, ఇంటికొచ్చి తెలుగులో పిల్లవాణ్ని కేకలేస్తాను. చుట్టరికాలన్నీ ఆసిఫాబాద్, మంచిర్యాల వైపే. పెళ్లిళ్లన్నీ వేసవిలోనే. మే నెలలో 46, 47 డిగ్రీలు మా దగ్గర వార్త కాదు. అంటే ఏడాదిలో మా కారు ఎక్కువగా తిరిగేది ఏ నెలలో తిరగకూడదో ఆ నెలలోనే.

పాత కారు కూడా డీజిలుదే, ఏడు సీట్లది. దాని చివరి మే నెలలో మంచిర్యాల పెళ్లి నుంచి తిరిగి వస్తున్నాం. మధ్యాహ్నం ఒంటిగంటకు బయలుదేరడం మా తప్పే, భోజనాలు ఆలస్యమయ్యాయి. ఆసిఫాబాద్ దాటేసరికి మా వాడి మొహం ఎర్రగా కందిపోయింది. నా సంచిలో అరచేతిలో పట్టేంత డిజిటల్ థర్మామీటరు ఒకటుంది, బడి ప్రయోగశాలకని కొని ఇవ్వడం మరిచినది. తీసి చూశాను. 34.6.

"బావగారూ, ముందు తెర మీద ఎంత చూపిస్తోంది?"

"ఇరవై మూడు. చల్లగా ఉంది కదమ్మా," అన్నారు, వెనక్కి తిరగకుండానే. అంతటితో ఆగలేదు, తనకు చలివేస్తోందని బ్లోయరు ఒక మెట్టు తగ్గించారు.

వాంకిడి దగ్గర మా వాడు వాంతి చేసుకున్నాడు. పెళ్లివారికి పెట్టగా మిగిలిన ఒక్క పట్టుచీర మీద. ఆ చీర అక్కది. మా ఇంట్లో కొత్త కారు మాట మొదలైంది ఆ చీర వల్లే, నా థర్మామీటరు వల్ల కాదు.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించాను. ముందు తెర మీది 23 అబద్ధం కాదు. అది మనం పెట్టుకున్న అంకె, డాష్‌బోర్డు దగ్గర మాత్రం నిజమైంది. తనంతట తాను నడిచే ఏసీ లోపలి వేడిని డాష్‌బోర్డులోని చిన్న సెన్సారుతో, ఎండను ముందు అద్దం కింద ఉండే మరో సెన్సారుతో కొలుచుకుంటుంది. అక్కడ చల్లబడగానే తన పని అయిపోయిందనుకుని గాలి తగ్గిస్తుంది. ఇంటిపెద్ద త్రేన్చాడు కాబట్టి అందరూ తిన్నట్టే అనుకోవడం లాంటిది ఇది. ఇక ఆ పాత కారులో వెనక్కి చల్లగాలి వచ్చే దారి ఒక్కటే. ముందు సీట్ల మధ్యనున్న పెట్టె లోపల ఒక ప్లాస్టిక్ గొట్టం. ముందు కాయిల్ (ఏసీ గ్యాసు తిరిగే చల్లటి గొట్టాల చుట్ట) మీద చల్లబడిన గాలిలోంచే దానికి వాటా. దారి పొడవునా వేడెక్కుతూ, సన్నబడుతూ వచ్చి మధ్య వరుసలో మోకాళ్ల ఎత్తున బయటపడుతుంది. అక్కడ దానికి అక్క కూతురి కాళ్లు అడ్డం. మూడో వరుసకు దక్కేది పుణ్యమే.

వేడి మాత్రం అందరికీ సమానంగా పుడుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి బయటికి వస్తుంది. మా కుటుంబం మొత్తం ఎక్కితే కారు మధ్యలో ఇస్త్రీపెట్టె వేడిచేసి పెట్టినట్టే. దానికి తోడు ఎండ. నడినెత్తి సూర్యుడు చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్లు కుమ్మరిస్తాడు. వెనక అద్దానికి ఆనుకుని కూర్చునేవాళ్ల మెడ మీద అందులో ఎంత పడుతుందో మా ఆయన మెడను చూస్తే తెలుస్తుంది.

బావగారికి బొగ్గు రవాణా. లారీలు నడుపుతారు కాబట్టి ఆయన దృష్టిలో బండి అంటే ఇంజను, టైర్లు, మైలేజీ. డీజిలు తప్ప మరో మాట లేదు. పెద్ద బండి కావాలన్నారు, పరువైనది. "నువ్వు కూడా రా టీచరమ్మా, నీ థర్మామీటరు పట్టుకుని," అన్నారు ఎగతాళిగా. ఎగతాళి అని తెలిసీ వెళ్లాను. నాగపూర్‌లో రెండు రోజులు, నాలుగు షోరూములు.

మొదటి చోట అమ్మకాల కుర్రవాడు తలుపు తీస్తూనే నాలుగు జోన్ల ఏసీ అన్నాడు. ముందు ఇద్దరికీ చెరొకటి, వెనక ఇద్దరికీ చెరొకటి. మధ్య వరుసవాళ్లకు సొంత తెర, దాని మీద వేలుతో తాకితే అంకెలు మారతాయి. బావగారు చిన్నపిల్లవాడిలా దాన్ని 16కీ 28కీ మధ్య తిప్పారు. ఎంత బాగుందో అన్నారు. నిజంగానే బాగుంది.

"వెనకవాళ్లకు విడిగా కూలింగ్ కాయిల్ ఉందా?" అని అడిగాను.

కుర్రవాడు నాలుగు జోన్లు మేడం అని మళ్లీ చెప్పాడు. నేను మళ్లీ అడిగాను. చివరికి వర్క్‌షాపు నుంచి చేతులకు గ్రీజున్న ఒకాయన వచ్చాడు. నా ప్రశ్న అర్థమైంది ఆయనకే.

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బంతా పోయేది ఈ తేడా మీదే. జోన్ అంటే ఇంకో ఏసీ కాదు. చల్లటి గాలిలో వేడి గాలి ఎంత కలపాలో నిర్ణయించే చిన్న రేకు తలుపు. ఇంజను వేడినీళ్లు తిరిగే హీటరు ఒకవైపు, చల్లటి కాయిల్ ఇంకోవైపు, మధ్యలో ఈ తలుపు. ఒకరు 20 అడిగితే వేడివైపు కాస్త మూస్తుంది, ఇంకొకరు 25 అడిగితే కాస్త తెరుస్తుంది. అడిగినంత చల్లదనం చేతిలో ఉన్నప్పుడు ఇది అద్భుతమైన ఏర్పాటు. కానీ మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు నలుగురూ అడిగేది ఒకటే: ఉన్నదంతా ఇవ్వు. నాలుగు తలుపులూ వేడివైపు పూర్తిగా మూసుకుంటాయి. అప్పుడు నాలుగు జోన్ల కారూ ఒక జోన్ కారూ ఒకటే. కుండలో నీళ్లు లేనప్పుడు గ్లాసులు ఎన్ని ఉంటే ఏం?

నీళ్లు పెంచేది రెండో కాయిల్. కంప్రెసరు ఒక్కటే, కానీ దాని నుంచి గ్యాసు రెండు దారులుగా చీలుతుంది. ఒకటి డాష్‌బోర్డు లోపలికి, ఇంకొకటి నేల కింద గొట్టాల గుండా వెనక్కి. అక్కడ దానికి సొంత వాల్వు, సొంత కాయిల్, సొంత బ్లోయరు. ఈ గ్యాసు సంగతి మా తొమ్మిదో తరగతికి చెబితే నమ్మరు. చాలా కార్లలో వాడిన ఆర్-134ఏ అనేది మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. కంప్రెసరు దాన్ని గట్టిగా నొక్కుతుంది, బండి ముందున్న జాలీలో వేడి వదిలి అది ద్రవమవుతుంది, వాల్వు సన్నని సందులోంచి వదలగానే అది కాయిల్‌లో మరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. ఆ మరగడం నా వెనకే జరగాలి, ఎక్కడో బావగారి మోకాళ్ల ముందు కాదు. నా కోరిక ఇంతే.

రెండో ప్రశ్న, గాలి ఎక్కడి నుంచి వస్తుంది. ఇన్నోవా క్రిస్టాలోనూ ఫార్చ్యూనర్‌లోనూ వెనకవాళ్ల వెంట్లు, అంటే గాలి వచ్చే కంతలు, పైకప్పులో ఉంటాయి. వోల్వో ఎక్స్‌సీ90లో మధ్య వరుసకు తలుపుల నడుమ స్తంభాల్లోంచి వస్తుంది. ఒకాయన తన డీజిలు ఎక్స్‌సీ90 అమ్ముతానంటే అదీ ఎక్కి చూశాం. పక్క నుంచి మొహానికి తగిలే ఆ గాలి ఎవరి తలకూ నొప్పి తేదు, చాలా మర్యాదైన గాలి. అయితే చల్లగాలి బరువైనది, కిందికి దిగుతుంది. ఎండాకాలానికి పైకప్పే సరైన చోటు. అత్తమ్మ ఒప్పుకోలేదు. "నెత్తి మీద దయ్యం ఊదినట్టుంది," అని కొంగు తలకు చుట్టుకున్నారు. ఆ మాట షోరూములో ఎవరికీ అర్థం కాకపోవడం మంచిదయింది.

నేను ఒకే ఒక్క షరతు పెట్టాను. నడిపి చూసేటప్పుడు బావగారు మూడో వరుసలో కూర్చోవాలి. అక్క నవ్వాపుకోలేక దగ్గింది. ఆయన ఆరడుగుల మనిషి. ఏమనుకున్నారో, కూర్చున్నారు. మోకాళ్లు గడ్డానికి ఆనించి, ఒక చేత్తో పైన పట్టుకుని, ఇంకో చేత్తో నా థర్మామీటరు పట్టుకుని. గంటసేపు ఎండలో నిలబెట్టిన బండి అది. మొదటి బండిలో పావుగంట తరువాత కూడా 33 దగ్గరే ఉంది. రెండో బండిలో పావుగంటకు 27. దిగాక ఆయన ఏమీ అనలేదు. చొక్కా వీపు మీద ఒక్కటే చెమట మరక. ఆ మొదటి బండి పేరు ఇంట్లో మళ్లీ ఎత్తలేదు.

కొన్నది రెండోదే. పేరు రాయవద్దని బావగారి ఆజ్ఞ, ధర అసలే రాయవద్దన్నారు. మూడు జోన్లు, వెనక విడి కాయిల్, మూడో వరుసకు కూడా పైకప్పులో రెండు వెంట్లు. పైకప్పు మొత్తం అద్దమే ఉన్న రకం ఇస్తామన్నారు, నేనే వద్దన్నాను. మా ఎండలో అద్దం పైకప్పు అంటే వాన కోసం రేకు తీసేసి జల్లెడ కప్పుకోవడమే. అద్దాలకు నల్ల ఫిల్ము వేయిద్దామన్న బావగారి ఆశకు మా ఆయన అడ్డుపడ్డాడు. ఫిల్ములు అంటించడాన్ని 2012లోనే సుప్రీంకోర్టు నిషేధించింది. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు రావాలన్నది నిబంధన. దాంతో వెనక తలుపులకు పైకి లాగి కొక్కేనికి తగిలించే జాలీ తెరలతో సరిపెట్టుకున్నాం. వాటికే నాలుగు వేలు. నేను అంతకంటే బాగా కుట్టేదాన్ని.

కొన్న తరువాతి మే నెల. మళ్లీ మంచిర్యాల. ఈసారి పెళ్లి కాదు, ఆవకాయకు కాయలు. అత్తమ్మకు ఇక్కడి కాయలు నచ్చవు. ఆమె పుట్టింటి తోటలోవే కావాలి. గోనె నిండా కాయలు వేసుకుని బయలుదేరాం. నేను కొత్త కారు గర్వంతో థర్మామీటరు తీసి పైన వెంటు దగ్గర పెట్టాను. వచ్చేటప్పుడు 11 చూపించినది ఇప్పుడు 17 చూపిస్తోంది. గాలి కూడా నీరసంగా ఉంది, లోపల ఎక్కడో ఈల వేసినట్టు చప్పుడు. బావగారి మొహం వాడిపోయింది. అంత డబ్బు పోసి కొన్నది ఏడాది తిరక్కుండానే ఇలాగా?

పది నిమిషాలు ఆలోచించి వెనక్కి తిరిగి చూశాను. మా బండిలో వెనక కాయిల్ కుడివైపు గోడ లోపల ఉంటుంది. కింద, సామాను పెట్టే చోట, అరచేయంత జాలీ ఒకటుంది. అది గాలి లోపలికి పీల్చుకునే ముక్కు. మామిడికాయల గోనె సరిగ్గా దానికి ఆనుకుని కూర్చుంది. సీటు మీంచి వంగి, రెండు చేతులతో గోనెను ఎడమవైపుకు దొర్లించాను. రెండు కాయలు జారి అక్క కాళ్ల దగ్గరికి వెళ్లాయి. ఈల ఆగింది. మళ్లీ పది నిమిషాలకు 12, తరువాత 11. ఇంకో సంగతి, ఆ ముక్కు పీల్చేది బయటి గాలి కాదు, కారులోపలి గాలినే. కాబట్టి రాజురా చేరేదాకా అందరి నెత్తి మీదా పుల్లమామిడి వాసన చల్లగా కురుస్తూనే ఉంది. అత్తమ్మ మొదటిసారి పైకప్పు వెంట్లను మెచ్చుకున్నారు.

ముందు ఏసీకి ఫిల్టరు ఉంటుంది. మా రోడ్ల మీద బొగ్గు లారీల వెనక తిరిగే బండికి అది నాలుగు నెలలకే పలకలా నల్లబడుతుంది. (ఆ లారీల్లో కొన్ని మావే. ఈ మాట ఇంట్లో అనను. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు. ఇన్నాళ్లూ ఆ ఎండలో తడిగుడ్డ మెడకు చుట్టుకుని నడిపినవాళ్ల గురించి వేరే రాయాలి.) మా బండి వెనక కాయిల్‌కు మాత్రం ఫిల్టరు లేదు. మొదటి ఏడాది చివర మెకానిక్ ఆ పక్క గోడ విప్పితే లోపల దుమ్ముతోపాటు బిస్కెట్ ముక్కలు, ఒక పిన్నీసు, గుప్పెడు పెళ్లి అక్షింతలు బయటపడ్డాయి. ఎవరి పెళ్లివో తేల్చలేకపోయాం. నేల కింది అల్యూమినియం గొట్టాలను కూడా ఆయన వేలితో తట్టి చూపించాడు. రాయి తగిలి అక్కడ కారితే వెనక ఏసీ ఒక్కటే పోదు, గ్యాసు ఒకటే కాబట్టి ముందుదీ పోతుంది. విన్నప్పుడు నాకు లోలోపల కాస్త తృప్తి కలిగిందని ఒప్పుకుంటాను.

డీజిలు బండితో ఒక చిక్కు మాకు అనుభవం మీద తెలిసింది. ఆసిఫాబాద్‌లో ఒక విందుకు వెళ్లాం. మా వాడు కారులో నిద్రపోయాడని డ్రైవరు పక్కనే కూర్చుని, ఇంజను ఆపకుండా రెండు గంటలు ఏసీ వేసి ఉంచాడు. మంచి మనసుతోనే. కంప్రెసరును తిప్పేది ఇంజను బెల్టే కాబట్టి, బండి నిలబడి ఉన్నప్పుడు అదీ నెమ్మదిగానే తిరుగుతుంది. ఆ కాస్త చల్లదనం రెండు కాయిళ్లు పంచుకోవాల్సి వస్తే ముందుగా తెలిసేది వెనకవాళ్లకే. పైగా 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్య నియమం) డీజిలు కార్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది బాగా వేడెక్కితేనే పట్టిన మసిని కాల్చేసుకుంటుంది. నిలబడిన బండిలో అంత వేడి రాదు. అలాంటి రాత్రులు మూడు నాలుగు గడిచాక డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. బావగారు కంగారుపడి ఎవరెవరికో ఫోన్లు చేశారు. డ్రైవరు మాన్యువల్ చదివించుకుని, వాంకిడి దాకా ఒకే వేగంతో నడిపి తీసుకొచ్చాడు. దీపం ఆరింది. ఇప్పుడు ఎక్కేముందు నాలుగు తలుపులూ తెరిచి రెండు నిమిషాలు వేడిగాలి పోనిస్తాం, కదిలాక బయటి గాలి మూసి లోపలి గాలినే తిప్పుతాం. నిలబెట్టి చల్లబరచడం మానేశాం.

జోన్లను అంతగా తిట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. జనవరిలో తెల్లవారుజామున వేములవాడకు బయలుదేరాం. బయట పది డిగ్రీలు. డీజిలు ఇంజను వేడెక్కడానికి తీరిక ఎక్కువ. ఊరు దాటేదాకా హీటరు నుంచి వెచ్చదనం రాలేదు. ఆ తరువాత బావగారికి ముందు 20 చాలు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆమె వైపు 27, అదీ పాదాల దగ్గరి వెంటులోంచి. వెచ్చటిగాలి పైకి లేస్తుంది కనుక చలికాలానికి పాదాలే సరైన చోటు. ఆ ఏడు డిగ్రీల తేడా ఆ రోజు నిజంగా నిలబడింది. ఆసిఫాబాద్ దగ్గర చూస్తే ఆమె చెప్పులు విప్పేసి, కాళ్లు చాపి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. కారులో ఆమె నిద్రపోవడం నేను చూడటం అదే మొదలు.

వేసవి వస్తే మాత్రం ఆమె తీరు ఆమెదే. వెనక తెర మీద అంకెలు తిప్పడం నేర్పాను, పైకప్పులో వెంటు మూసే చిన్న చక్రం కూడా చూపించాను. "దాన్ని నమ్మను," అంటారు. చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి వెంటు రెక్కల మధ్యకు వేలితో కుక్కుతారు. అవతలి వెంటులోంచి గాలి రెట్టింపు జోరుగా అక్క మీద పడుతుంది, అక్క తన రుమాలు తీస్తుంది. మొన్న సర్వీసుకు ఇచ్చినప్పుడు మెకానిక్ మూడు రుమాళ్లు శుభ్రంగా మడిచి నా చేతికిచ్చాడు. రెండు అత్తమ్మవి. మూడోది బావగారిది.